గుద్దుకుంటే ఎవరికెంత దెబ్బ?



కంప్యూటర్ ఆటలకు ప్రోగ్రాములు రాయడం నా పని. ఆటలో రెండు బండ్లు గుద్దుకుంటే దేనికెంత నష్టం చూపాలని పొద్దున తొమ్మిదో తరగతి పిల్లలు అడిగారు. నాకిచ్చిన పది నిమిషాలూ దానికే వాడుకుంటాను.

కొత్తగా రాసేవాళ్లు ఇద్దరికీ చెరి పది పాయింట్లు కోసేస్తారు, లేదంటే ఎవరి వేగాన్ని బట్టి వాళ్లకు కోస్తారు. రెండూ కుదరవు. ఆగి ఉన్న బండి వేగం సున్నా. దాన్ని వెనక నుంచి గుద్దితే నష్టమూ సున్నా అంటామా?

ఆదోని రోడ్డు మీద 9,800 కిలోల లారీ, మనిషితో కలిపి 200 కిలోల మోటార్‌సైకిల్ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చి గుద్దుకుని, కలిసి కదిలాయనుకోండి. మీ పుస్తకంలోని ద్రవ్యవేగ నిత్యత్వ నియమంతో లెక్క కడితే ఆ తర్వాతి వేగం 48, లారీ పోతున్న వైపుకే. లారీ వేగంలో మార్పు 2. మోటార్‌సైకిల్‌ది 98! న్యూటన్ చెప్పినట్టు రెండింటి మీదా పడ్డ బలం సమానమే, మార్పు మాత్రం 49 రెట్లు. పాయింట్లు కోయాల్సింది ఈ మార్పును బట్టి.

కోడ్‌లో ఇంకో చిక్కుంది. ఆట సెకనుకు 60 బొమ్మలు గీస్తే, అర సెకను ఆనుకుని ఉన్న బండ్లకు 30 సార్లు నష్టం పడుతుంది. యూనిటీలో రాసేవాళ్లు తాకిన తొలి క్షణంలోనే, ఒక్కసారే కోయాలి. అప్పుడు బండి వేగం అడిగితే గుద్దుకున్నాక మారిన వేగం వస్తుంది, కాబట్టి సాపేక్ష వేగాన్నే తీసుకోండి.

బండ్ల సంగతి తేలికే. కర్ర కష్టం, ఎందుకంటే కర్రకు ఒక్క వేగం ఉండదు. దసరా రాత్రి మన దేవరగట్టు బన్ని చూడనివాళ్లు ఈ సభలో ఉండరు. మాళమల్లేశ్వరుల ఉత్సవ విగ్రహాలకు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు కాపు, అవతల మిగతా ఊళ్లు. రెండు మీటర్ల కర్రను కొస పట్టుకుని తిప్పితే, చేతికి అర మీటరు దూరంలో వేగం సెకనుకు 2.5 మీటర్లు ఉన్నప్పుడు అవతలి కొసన 10 మీటర్లు. దెబ్బలోని శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ కొసకే ఇనుప రింగు తొడిగితే? అంత వేగంగా తిరిగే చోట బరువు పెంచడమే అవుతుంది.

ఆ కొస ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య దాదాపు 17 సెంటీమీటర్లు జరుగుతుంది, సుమారు తల వెడల్పంత. ఆటలో అయితే కర్ర ఒక బొమ్మలో తలకు ఇవతల, తర్వాతి దాంట్లో అవతల కనబడి, దెబ్బే పడకుండా పోవచ్చు. అందుకే మేం కర్ర నడిచిన దారంతా వెతికించేలా రాస్తాం. గట్టు మీద ఆ సందు దొరకదు. ఏటా తలలు పగిలినవాళ్లను ఆలూరు, ఆదోని ఆస్పత్రులకు మోస్తూనే ఉన్నాం.

మొక్కు జోలికి నేను పోను, అది మన తాతల నాటిది. రింగులు మాత్రం తీయించవచ్చు. వచ్చే దసరాకు ముందే మన పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఊళ్ల పెద్దలతో కూర్చుని మాట్లాడదామని ప్రతిపాదిస్తున్నాను. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఎవరైనా బలపరిస్తే తీర్మానంగా రాయిద్దాం.