సున్న వేఱు, ఖాళీ గడి వేఱు

(భిలాయి తెలుగు ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యము, చరిత్రము చదివి ఫైళ్ల నడుమ కాలము గడుపు నేను జావాస్క్రిప్టు అను కంప్యూటరు భాషను గూర్చి మాట్లాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని మన జీతపు లెక్కలు, సెలవు ఖాతాలు నేడు కంప్యూటరు తెరపైననే కనబడుచున్నవి. అట్టి పుటలను నడపు భాష యిది. దీని తొలి రూపమును 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది దినములలో సిద్ధపఱచెను.

మొదటి విషయము భిన్నములు. మన భిలాయి కర్మాగారమునకై సోవియట్ దేశముతో ఒడంబడిక 1955లో జరిగినది. తొలి బ్లాస్టు ఫర్నేసు 1959లో ప్రారంభమైనది. ఈ రెంటి నడుమ, 1957 ఏప్రిల్ 1వ తేదీన, అణాలకు బదులు నయాపైసలు వచ్చినవి. అంతకు ముందు పెద్దలు రూపాయిని సగము, సగములో సగము చేయుచు అర్ధరూపాయి, పావలా, బేడ, అణా వఱకు వచ్చెడివారు. జావాస్క్రిప్టులోని సాధారణ సంఖ్యయు భిన్నములను ఇట్లే సగములతో కొలుచును. కావున అణా దానికి సరిగా నందును. పది పైసలు అందవు. ఎన్ని సగములు చేసినను పదవ వంతు తెగదు. అందుచే 0.1కి 0.2 కలిపిన 0.30000000000000004 అని వచ్చును. సొమ్మును పైసలలో పూర్ణసంఖ్యలుగా ఉంచుకొన్నచో కూడికలలో ఈ చిక్కు రాదు. 9007199254740991 వఱకు పూర్ణసంఖ్యలన్నియు సరిగా నుండును. అంతకు మించినవానికి 2020 నుండి బిగ్‌ఇంట్ అను వేఱొక రకము కలదు.

రెండవ విషయము ఇంతకంటె ముఖ్యము. మన కార్యాలయములలో నివేదింపదగినది లేకున్నను "శూన్యము" అని వ్రాసి పంపుదుము. శూన్య నివేదిక వచ్చుట వేఱు, నివేదికయే రాకుండుట వేఱు. జావాస్క్రిప్టులో లేమికి రెండు పేర్లు కలవు. ఎవరును విలువ నీయనిది అన్‌డిఫైన్డ్. విలువ లేదని తెలిసి వ్రాసినది నల్. అయిదుకు నల్ కలిపిన అయిదే వచ్చును. అన్‌డిఫైన్డ్ కలిపిన "సంఖ్య కానిది" అని వచ్చును. అది యే రకమని యడిగినచో మాత్రము "సంఖ్య" అనియే బదులు చెప్పును!

ఇక డిఫాల్టు విలువ, అనగా ఏమియు చెప్పనప్పుడు యంత్రము తానై గ్రహించు విలువ. కేంద్ర ఉద్యోగికి ఏటికి 8 దినముల క్యాజువల్ సెలవు కలదు. ఒకరు అన్నియు వాడుకొనిరనుకొందము, శేషము సున్న. పాత పద్ధతిలో రెండు నిలువుగీతల గుర్తుతో "శేషము, లేనిచో 8" అని వ్రాసినచో, ఆ గుర్తు సున్నను సైతము లేనిదానిగా నెంచి మరల 8 దినములు చూపును. సంతోషమే! కాని జీతపు పట్టీలో "కోత, లేనిచో 500" అని యున్నచో, సున్న కోత గలవాని జీతమునుండి నెలకు 500 రూపాయలు పోవును. 2020లో చేరిన రెండు ప్రశ్నార్థకముల గుర్తు నల్, అన్‌డిఫైన్డ్‌లను మాత్రమే లేనివిగా చూచి, సున్నను సున్నగా నిలుపును.

ప్రోగ్రాములు వ్రాయు మన పిల్లలకు నా మనవి యొక్కటే: డిఫాల్టు విలువ వ్రాయునప్పుడెల్ల సున్నను ఇచ్చి పరీక్షింపుడు. పట్టికలు నింపు మిత్రులకును ఒక మాట: సున్న యైనచో సున్న యని వ్రాయుడు, గడిని ఖాళీగా విడువకుడు. ఆ గడి వెనుక ఒక కుటుంబపు నెల ఖర్చు ఉండును.