చేతులెత్తడం కాకుండా ఇంకేం చేయొచ్చు?

రియాద్, జెద్దా, దమ్మామ్, జుబైల్... ఎక్కడి నుంచి వింటున్నా సరే, మీరు ఏదో ఒక తెలుగు సంఘం మీటింగుకి వెళ్ళే ఉంటారు. చివర్లో ఒకాయన లేచి "సరే, ఓటింగు పెట్టేద్దాం, చేతులెత్తండి" అంటాడు. లెక్కపెడతారు. ముప్ఫై ఒకటి, ఇరవై తొమ్మిది. అయిపోయింది. ఆ ఇరవై తొమ్మిది మందిలో సగం మంది మరుసటి మీటింగుకి రారు. ఈ రోజు మాట్లాడదలచుకున్నది దాని గురించే.

ముందు మనం ఉంటున్న దేశం సంగతి చెబుతాను. సౌదీలో 2005లో పురపాలక మండళ్ళకి ఎన్నికలు జరిగాయి. సగం సీట్లకే ఎన్నిక, మిగతా సగం ప్రభుత్వ నియామకం. ఓటు మగవాళ్ళకే. ఆడవాళ్ళు ఓటు వేసింది, పోటీ చేసింది 2015లో. అప్పుడు రెండు వేల పైచిలుకు సీట్లలో ఇరవై మంది గెలిచారు. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం 2005లో ఓటు వేసిన పద్ధతి. రియాద్‌లో ఏడు వార్డులు, ఏడు సీట్లు, ఆరు వందల మందికి పైగా అభ్యర్థులు. ఓటరు తన వార్డుకే కాదు, ఏడు వార్డుల్లోనూ ఒక్కొక్కరికి చొప్పున ఓటు వేయవచ్చు. ఆరు వందల మందిలో ఏడుగురిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి? మత పెద్దల మద్దతు ఉన్నవాళ్ళ పేర్లతో ఒక జాబితా సెల్‌ఫోన్ మెసేజీల్లో తిరిగింది. "బంగారు జాబితా" అన్నారు దాన్ని. ఆ జాబితావాళ్ళే గెలిచారు. ఓడినవాళ్ళు గొడవ పెట్టారు. 2011 ఎన్నికల నాటికి ఆ పద్ధతి తీసేసి, ఒక ఓటరుకి ఒకే ఓటు అన్నారు.

ఇది వేరేవాళ్ళ కథ అనుకోకండి. మన సంఘాల్లో "ప్యానెల్" అంటామే, అదీ ఇదే. అరవై మంది సభ్యులు, ఐదు పదవులు, ఒక్కొక్కరికి ఐదు ఓట్లు. ఒక వర్గంలో ముప్ఫై నలుగురు, రెండో వర్గంలో ఇరవై ఆరుగురు ఉన్నారనుకోండి. ఐదుకి ఐదూ మొదటి వర్గానికే. ఇరవై ఆరుగురికి సున్నా. ఆ తరువాత ఆ సున్నా వర్గం ఇంకో సంఘం పెట్టుకుంటుంది. ఒకే ఊళ్ళో అన్ని తెలుగు సంఘాలు ఎందుకున్నాయని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబుల్లో ఇదొకటి. (మిగతా జవాబులు రేడియోలో చెప్పేవి కావు లెండి.)

దీనికి మందు మన రాజ్యాంగంలోనే ఉంది. రాజ్యసభ సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకునేది ప్రాధాన్య ఓటుతో. అంటే పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తారు. ఓటర్ల సంఖ్యని సీట్లకి ఒకటి కలిపి భాగించి, వచ్చినదానికి ఒకటి కలిపితే కోటా. మన అరవై మందికీ ఐదు సీట్లకీ లెక్కవేస్తే పదకొండు. పదకొండు మంది ఒక్క మాట మీద ఉంటే ఒక సీటు ఖాయం. అప్పుడు ఫలితం మూడు, రెండు అవుతుంది. ఎవరూ అలిగి వెళ్ళిపోనక్కరలేదు.

ఈ ప్రాధాన్య ఓటుకి పెద్ద పరీక్ష 1969లో జరిగింది. అందులో ఇద్దరు ముఖ్యులూ తెలుగువాళ్ళే! రాష్ట్రపతి పదవికి వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కి 1,12,769. కావలసినది 4,18,169. ఎవరికీ రాలేదు. దేశ్‌ముఖ్ తదితరుల ఓట్లలో రెండో ప్రాధాన్యాలు లెక్కపెడితే గిరి 4,20,077తో గట్టెక్కారు, రెడ్డి 4,05,427 దాకా వచ్చేశారు. దాదాపు ఎనభై ఎనిమిది వేల తేడా పదిహేను వేలకి దిగింది. గెలిచింది ముందున్నాయనే గదా, ఇంత కష్టం ఎందుకు అంటారా? దేశ్‌ముఖ్‌కి వేసినవాళ్ళు చాలామంది గిరికి వ్యతిరేకులని మామూలు ఓటింగైతే మనకి తెలిసేదే కాదు. సంజీవరెడ్డిగారు 1977లో అదే పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యారనుకోండి, అది వేరే కథ.

అయితే అంకెలు వేయిస్తే చాలు, అంతా న్యాయమే అనుకుంటే పొరపాటు. ఒక ఉదాహరణ చూడండి. సంఘం నిధి ఉంది. మూడు ప్రతిపాదనలు. ఉగాదికి ఇండియా నుంచి గాయకుణ్ణి పిలిపించడం ఒకటి. పిల్లలకి తెలుగు తరగతులు రెండోది. క్యాంపుల్లో పనిచేసే మనవాళ్ళెవరైనా పోతే శవాన్ని ఊరికి పంపడానికి అత్యవసర నిధి మూడోది. పాటకి ఇరవై నాలుగు, తరగతులకి ఇరవై, నిధికి పదహారు మొదటి ఓట్లు. పాటవాళ్ళకీ, తరగతులవాళ్ళకీ రెండో కోరిక నిధే. నిధివాళ్ళకి రెండోది తరగతులు.

చేతులెత్తిస్తే పాట గెలుస్తుంది. కానీ అరవైలో ముప్ఫై ఆరుగురికి అది ఆఖరి కోరిక! రాష్ట్రపతి ఎన్నిక పద్ధతిలో అయితే తక్కువ వచ్చిన నిధి ముందే ఎగిరిపోతుంది, తరగతులు గెలుస్తాయి. ఇద్దరిద్దరిని పోటీ పెట్టి చూస్తే? నిధి పాటని 36-24తో ఓడిస్తుంది, తరగతులని 40-20తో ఓడిస్తుంది. అవే ఓట్లు, అవే మనుషులు, మూడు పద్ధతులు, మూడు ఫలితాలు. ఈ జంటల పద్ధతిని 1785లోనే ఫ్రాన్సులో కాండోర్సే అనే గణితవేత్త రాసిపెట్టాడు. డబ్బు ఖర్చు విషయాలకి నా ఓటు ఆయనకే. లెక్క కొంచెం ఎక్కువే. అయితే మనలో ఎక్సెల్ రానివాళ్ళెవరు?

"ఇవన్నీ ఎందుకు, ఏకగ్రీవంగా తేల్చుకుందాం" అనే పెద్దలుంటారు. వినడానికి బాగుంటుంది. మన పల్లెల్లో ఏకగ్రీవం పేరుతో సర్పంచి పదవి వేలం పాడిన వార్తలు మీరూ చదివే ఉంటారు. నోరున్నవాడి మాటకి మిగతావాళ్ళు మౌనంగా ఉంటే అది ఏకగ్రీవం కాదు, మొహమాటం. ముందు వరసలో స్పాన్సరుగారు కూర్చుని చూస్తుంటే ఎవరు చెయ్యెత్తుతారండీ? అందుకని చేతులు వద్దు, చీటీలు పెట్టండి.

ఇంకో సంగతి. క్యాంపుల్లో ఉండే తమ్ముళ్ళలో చాలామందికి శుక్రవారం ఒక్కటే సెలవు, అదీ ఓవర్‌టైం లేకపోతే. మన మీటింగులేమో కుటుంబాల వీలు చూసి పెడతాం. శవం ఊరికి చేరుతుందా లేదా అన్నది ఎవరి ఇంటి సమస్యో వాళ్ళే హాల్లో ఉండరు. చీటీలు ముందే క్యాంపుకి పంపి, వారం తరువాత తెచ్చి, అందరి ఎదుటా ఒకేసారి విప్పండి. చదువు రానివాళ్ళ కోసం ఎన్నికల గుర్తుల్లాగా బొమ్మలు వేయండి. పాటకి మైకు, తరగతికి పలక, నిధికి హుండీ. పక్కన మూడు గళ్ళు గీసి, మొదటి కోరికకి ఒక చుక్క, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు పెట్టమనండి. అరవై చీటీలు విప్పి మూడు జంటలూ లెక్కపెట్టడానికి అరగంట పడుతుంది. ఆలోగా టీ ఇవ్వచ్చు.