బొంబాయిలో జారిన భుజం, లీడ్స్‌లో ఆగిన చూపు

నైట్ షిఫ్ట్ దిగి బస్సులో వింటున్నవాళ్లు కొంచెం వాల్యూమ్ పెంచుకోండి, ఈరోజు విషయం తుపాకులు.

లీడ్స్ డాక్ దగ్గర రాయల్ ఆర్మరీస్ మ్యూజియం ఉంది కదా. 1996లో తెరిచారు, టికెట్ లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకెళ్తాం, మన దేశం నుంచే వచ్చిన ఏనుగు కవచం ముందు ఫోటో దిగి బయటపడతాం. నేనూ అంతే. ఈమధ్య మాత్రం ఒంటరిగా వెళ్లి, పాత పిస్టళ్ల దగ్గర గంటసేపు ఉండిపోయాను. వీళ్ల సేకరణలో మౌజర్ సి96 ఉంది. 96 అంటే 1896. జర్మనీ సరుకు.

దాని కిటుకు చెప్తాను. రివాల్వర్‌లో డ్రమ్ము తిప్పేది మన వేలి బలం. పేలినప్పుడు వచ్చే తన్ను మన చేతికే తగిలి వృథా అయిపోతుంది. ఆ తన్నునే పనికి పెట్టుకుంటే? మౌజర్‌లో తూటా పేలగానే గొట్టం, దాని వెనక తలుపులా ఉండే బోల్టు, రెండూ గొళ్లెం పడినట్టే కలిసి కొంచెం వెనక్కి జరుగుతాయి. కలిసే ఎందుకంటే, లోపల ఒత్తిడి ఉండగా తలుపు తెరుచుకుంటే కాల్చినవాడి మొహం మిగలదు. గుండు బయటికి పోయాక గొళ్లెం కిందికి దిగుతుంది. గొట్టం ఆగిపోతుంది. బోల్టు ఒక్కటే వెనక్కి పోతూ ఖాళీ తూటాను బయటికి విసిరేసి, సుత్తిని ఎత్తిపెడుతుంది. స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తే కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. వేలు వదిలి మళ్లీ నొక్కితేనే ఇంకోటి పేలుతుంది, అందుకే ‘సెమీ’. ఇలా వరసగా పది.

అంతకుముందు 1893లో బోర్షార్ట్ పిస్టల్ వచ్చింది, దాని గొళ్లెం మన మోకాలిలా మడత పడేది. దాన్నించే లూగర్ పుట్టింది. బ్రౌనింగ్ దారి వేరు, అమెరికా సైన్యం 1911లో తీసుకున్న కోల్ట్ ఆయనదే.

సరే, మనకీ దీనికీ ఏంటి సంబంధం? 1896లో చర్చిల్ కుర్ర ఆఫీసరుగా బొంబాయిలో దిగాడు. సాసూన్ డాక్ దగ్గర పడవ ఊగుతుంటే గోడకున్న ఇనుప రింగు పట్టుకున్నాడు, పడవ పక్కకి పోయింది, భుజం జారింది. ఆ చేతికి పట్టీ కట్టుకునే పోలో ఆడేవాడు. ఆ ఏడాదే ఆయన రెజిమెంటు మన హైదరాబాదుకొచ్చి గోల్కొండ కప్పు కొట్టుకెళ్లింది కూడా! కానీ ఆ భుజంతో గుర్రమ్మీద కత్తి తిప్పడం కష్టం. అందుకే 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లో, ఒమ్‌దుర్మాన్ దగ్గర, కత్తి ఒరలో పెట్టి మౌజర్ తీశాడు. బతికి బయటపడ్డాడు. ఆ రోజు సూడాన్ వాళ్లు సుమారు పది వేలమంది పోయారు, ఆ సంగతి మాత్రం కథ చెప్పేవాళ్లు తొందరగా దాటేస్తారు.

ఇప్పుడు పదహారేళ్లు ముందుకు రండి. 1878 ఆయుధాల చట్టం వచ్చాక మనవాళ్లు లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకుంటే నేరం, తెల్లవాళ్లకేమో మినహాయింపు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీ సరుకు ఓడరేవు నుంచి వచ్చింది. విడిపించడానికి వెళ్లిన గుమస్తా విప్లవకారుల మనిషి. 202 పెట్టెలు తీసుకుని 192 గోడౌనుకు చేర్చాడు. మిగతా పది ఎద్దుబండి మీద ఇంకో దారి పట్టాయి. వాటిలో 50 మౌజర్లు, 46,000 తూటాలు! కలకత్తా పోలీసులకి కంటిమీద కునుకు లేదు.

ఆ పిస్టల్‌కి చెక్క ఒర ఉంటుంది. వెనక తగిలిస్తే భుజానికి ఆనించుకుని చిన్న రైఫిల్‌లా కాల్చొచ్చు. 1915 సెప్టెంబరు 9న ఒడిశాలో బాలాసోర్ దగ్గర బాఘా జతిన్, ఆయనతో ఇంకో నలుగురు, ఆ మౌజర్లతోనే పోలీసు దండుని నిలబెట్టారు. జతిన్ మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు.

నేను అద్దం వెనకున్నదాన్ని చూస్తూ ఇదంతా గుర్తు చేసుకుంటుంటే, పక్కన ఒక తాత మనవడికి చర్చిల్ కథ చెప్తున్నాడు. రోడా కథ నేను చెప్పాను. పిల్లాడు ఎద్దుబండి గురించి మూడు ప్రశ్నలు అడిగాడు.