పగడపు తొట్టెలో పాచి

నేడు నేను చెప్పబోవు విషయము వినుటకు వింతగా నుండవచ్చును. అమెరికాలో నుద్యోగము చేయుచున్న నా కుమారుని యింట నేను కొన్ని మాసము లుంటిని. అచ్చట ఉప్పునీటి గాజుతొట్టెలో పగడపు ప్రాణులను పెంచుచున్నారు. పగలు ఇంటనుండువాడను నేనొక్కడనే గావున వాని పోషణము నా పాలబడినది. మన దేశమున పగడపు దిబ్బలను గట్టు జాతులను సముద్రమునుండి తీయరాదు. 2001వ సంవత్సరమున వానిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చిరి. నేను చెప్పునది ఆ దేశపు తొట్టె సంగతియే.

చూచుటకు రాయివలె నున్నను పగడము ప్రాణియే. మన యుంగరములలో పొదుగు పగడము దీనికి దాయాదియగు వేఱొక జాతి గూడు. దీని మెత్తని శరీరములో కంటికి గానరాని పాచికణములు కాపురముండి, వెలుతురు సాయమున ఆహారము సిద్ధపఱచి, అందు పెద్దభాగము దీనికే పెట్టును. చిత్రమేమనగా, లోపలి పాచిచే బ్రదుకు నీ ప్రాణి వెలుపలి పాచిచే చచ్చును. వెండ్రుకలవంటి పచ్చని పాచి రాళ్లపై మొలచి, పగడముమీదికి బ్రాకి, వెలుతురు నడ్డగించి, శరీరమును రాచివేయును. తుదకు గూడు మాత్రము మిగులును.

పాచి కాధారము ఎరువే. చేపలు తినక విడిచిన మేతయు, వాని మలమును క్రుళ్లి నత్రజని, భాస్వరములుగా నీట నిలుచును. వరిమడికి మనము కోరి వేయునవియు నివియే గదా! కావున మేత కొలదిగా వేసి, శుద్ధిచేసిన నీట ఉప్పు గలిపి, వారమున కొకమారు పదియవపాలు నీరు మార్చుచుంటిని. అట్లని ఎరువును బొత్తిగా లేకుండ జేయరాదు. అది పగడమునకును కొంచెము కావలెను. పైరు నెండబెట్టి కలుపును జంపువాడు లేడు గదా!

చెరువుపాచికి మైలతుత్తము వేయు వాడుక కొన్నియెడల గలదు. ఇచ్చట నది పనికిరాదు. రాగి పాచితోబాటు నత్తలను, రొయ్యలను, పగడములను గూడ చంపును.

ఎరువు తగ్గించినను మేయువారు లేనిచో ఫలము తక్కువ. దీనికి జమైకా ద్వీపపు తీరమే సాక్షి. అచ్చటివారు పాచిని మేయు చేపలను ఏండ్లతరబడి విపరీతముగా పట్టివేసిరి. పొడవైన నల్లని ముండ్లతో బంతివలె నుండు ప్రాణి యొక్కటి మాత్రము మిగిలి, రాత్రులు పాచిని గీకి తినుచు దిబ్బలను కాచుచుండెను. 1980లో పెనుగాలివాన పగడములను విఱుగగొట్టెను. 1983 జనవరిలో పనామాయొద్ద ఆ ముండ్లప్రాణులకు తెగులు పుట్టి, ఒక యేడాదిలో కరీబియను సముద్రమంతయు వ్యాపించెను. నూటికి తొంబదికి పైగా చచ్చినవి. 1970 తరువాతి యేండ్లలో సముద్రపు టడుగున సుమారు సగము కప్పియుండిన పగడము, 1990 తరువాత నూటికి అయిదుపాళ్లకు లోబడెను. ఆ చోటెల్ల పాచి యాక్రమించెను. ఊరిపసువులన్నియు నొక్కమారు పోయినచో బీళ్లేమగునో మీరే యూహింపుడు.

తొట్టెలోనైనను అంతియే. నత్తలే నాకు ముఖ్యమైన కూలీలు. ముందు పాచి పట్టిన రాతిని వెలికి దీసి, పాచిని చేతితో పెఱికి, పండ్లుతోము కుంచెతో రుద్ది, వేఱుగా నుంచిన ఉప్పునీట కడిగి మరల నుంచవలెను. తొట్టెలోనే పెఱికినచో తునుకలు కొట్టుకొనిపోయి వేఱొకచోట మొలచును. పెద్దపాచి పోయినపిదప చిగురును నత్తలు అదుపున నుంచును; ముదిరి పొడవైనదానిని అవి ముట్టవు. వానిని గూడ కనిపెట్టి యుండవలెను. కొన్ని జాతుల నత్తలు ఇసుకలో వెల్లకిల బడినచో తమంతట తాము తిరుగలేవు. ఉదయమున దీపము వెలిగించినతోడనే చూచి, పడినవానిని రాతిమీద నిలుపవలెను.