పాతబస్తీ దీపములు, నక్షత్రములు

మన హైదరాబాదు పాతబస్తీలోని ఫిసల్‌బండయందు 1901వ సంవత్సరమున నవాబు జఫర్ జంగు ఇంగ్లండు నుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి వేధశాలను నెలకొల్పెననియు, ఆయన మరణానంతరము నిజాము ప్రభుత్వము స్వీకరించి బేగంపేటకు తరలించిన ఆ నిజామియా వేధశాలయే అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణమున పాలుపంచుకొన్నదనియు నేడెందరు స్మరింతురు? నగరదీపముల కాంతి మింటిని క్రమముగా కప్పివేయగా, 1960ల చివర ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు తమ 48 అంగుళముల దూరదర్శినిని నగరమునకు దూరముగా, జపాల్-రంగాపురమున ప్రతిష్ఠింపవలసివచ్చెను.

మింటిని కప్పు ఆ కాంతిలో మన వాకిటి దీపముల పాలును కలదు. చోరభయమున రాత్రియెల్ల దీపము వెలిగించు గృహస్థుని ఆందోళన సహజమే. దానిని త్రోసిపుచ్చుట నా అభిమతము కాదు. అయినను శాలిబండ సందులలో మేడగోడకు బిగించిన మూతలేని తీవ్రదీపము బాటసారి కన్నులకు మిరుమిట్లు గొలిపి, ప్రక్కనున్న నీడను మరింత చిక్కన చేసి, అందు పొంచియున్నవానికే ఆశ్రయమిచ్చును. కాంతిని నేలవైపునకే మరల్చు మూతయు, మందమైన పసుపువన్నె వెలుగును, మనిషి కదలికకు మాత్రమే వెలుగు ఏర్పాటును ఉన్నచో గుమ్మమునకు రక్షణ చేకూరును, ఆకాశమునకు చీకటి దక్కును. ఈ రాత్రియే మీ వాకిటి దీపమును క్రిందికి వంచి చూడుడు.