మన ఊరి కరణానికి అంత పవర్ ఎవరిచ్చారు? 1816, ఇక్కడా అమెరికాలో

ఈ రోజు టాపిక్ మన సీమ నేల లాగే పైకి కొంచెం డ్రైగా ఉంటుంది. కొంచెం లోతుకి తవ్వితే తడి తగులుతుంది, కాబట్టి స్కిప్ చేయకండి.

మీ ఇంట్లో అబ్బనో అవ్వనో "కరణం అంటే ఎవరు?" అని అడిగి చూడండి. సమాధానానికి ముందు వాళ్ల ముఖం మారుతుంది. కొంతమంది నవ్వుతారు, కొంతమంది ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. కరణం అంటే ఊరి భూమి లెక్కలు రాసే మనిషి. ఏ చేను ఎవరిది, ఎంత శిస్తు కట్టాలి, ఏ పంట వేశారు, అన్నీ ఆయన కవిలెకట్టలోనే. మా ఫీల్డ్ భాషలో చెప్పాలంటే ఊరి డేటాబేస్ మొత్తానికి రైట్ యాక్సెస్ ఆయన ఒక్కడికే ఉంది, బ్యాకప్ కూడా ఆయన ఇంట్లోనే ఉంది. ఆయన పక్కన రెడ్డి. ఇక్కడ రెడ్డి అంటే కులం కాదు, పోస్టు. శిస్తు వసూలు చేసే ఊరి పెద్ద. మునసబు అన్నా ఆయనే. వీళ్ల కింద తలారి, నీరుగంటి, వెట్టి. జీతం బదులు ఇనాం భూమి, కళ్లంలో గింజల్లో వాటా. నాన్న తర్వాత కొడుకు.

ఇప్పుడు 1800కి వెళ్దాం. నిజాం తన దగ్గర ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుల కింద ఇప్పటి కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్ని, కర్నూలులో కొంత భాగాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీకి రాసిచ్చేశాడు. దత్త మండలాలు అనే పేరు అలా వచ్చింది. కర్నూలు నవాబు మాత్రం 1839 దాకా వేరేగా ఉన్నాడు. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు. ఎనభై మంది దాకా పాలెగాళ్లని అణిచాడు, ఊరూరా భూమి కొలిపించాడు, రైతు పేరు మీదే నేరుగా శిస్తు కట్టించే రైత్వారీ పద్ధతి పెట్టాడు. మన దగ్గర మన్రోని దేవుడిలా చూసేవాళ్లు ఉన్నారు, పిల్లలకి ఆయన పేరు పెట్టినవాళ్లూ ఉన్నారు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు కూడా. నాకు ఆయన మీద గౌరవం ఉంది. కానీ ఈ ఎపిసోడ్ ఆయన చేసిన ఇంకో పని గురించి.

1816లో మద్రాసు ప్రభుత్వం వరసగా కొన్ని రెగ్యులేషన్లు తెచ్చింది. వాటి వెనక ఉన్న బుర్ర మన్రోదే. జిల్లా కోర్టులు ఖర్చెక్కువ, దూరం ఎక్కువ, ఊరి తగువు ఊర్లోనే తీరాలి అన్నది ఆయన వాదన. వినడానికి ఎంత బాగుందో చూడండి. అందుకని ఊరి పెద్దనే మునసబు చేసి, పది రూపాయల లోపు దావాలు విచారించే అధికారం ఇచ్చారు. పోలీసు పని కూడా ఆయనకే. అంటే శిస్తు వసూలు చేసేది, తీర్పు చెప్పేది, పట్టుకుని కూర్చోబెట్టేది ఒకే మనిషి. పైన కలెక్టర్ని మేజిస్ట్రేట్ కూడా చేశారు కాబట్టి అక్కడా అదే కథ.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. చిన్న చిన్న కొట్లాటలకి ఊరి పెద్ద పన్నెండు గంటల దాకా చావడిలో నిర్బంధించొచ్చు. కింది కులం మనిషి అయితే బొండలో వేయొచ్చు. బొండ అంటే కాళ్లు చెక్కల మధ్య బిగించి అందరి ముందు కూర్చోబెట్టడం. తప్పు ఒకటే, కులాన్ని బట్టి శిక్ష రెండు రకాలు. ఇది ఊరి ఆచారం అని వదిలేసే మాట కాదు, చట్టంలోనే రాసుకున్నారు. "పాత రోజుల్లో ఊరి న్యాయం బాగుండేది బ్రో" అని ఎవరైనా అంటే నాకు ముందు ఈ బొండే గుర్తొస్తుంది.

అదే 1816, జూలై 12. సముద్రాల అవతల అమెరికాలో థామస్ జెఫర్సన్ అప్పటికే ప్రెసిడెంటుగా చేసి రిటైరై వర్జీనియాలో ఇంట్లో ఉన్నాడు. శామ్యూల్ కెర్చివల్ అనే ఆయనకి ఒక ఉత్తరం రాశాడు. వర్జీనియాలో ప్రతి కౌంటీకీ ఒక కోర్టు ఉండేది. జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే స్థానిక పెద్దలే అందులో జడ్జీలు, పరిపాలన కూడా వాళ్లదే. పన్నులు వసూలు చేసే షెరిఫ్ కూడా మామూలుగా వాళ్లలోంచే వచ్చేవాడు. ఖాళీ వస్తే కొత్త పేరు వాళ్లే సిఫారసు చేసేవాళ్లు, గవర్నరు సంతకం పెట్టేవాడు. కాగితం మీద వారసత్వం లేదు, కానీ అవే కుటుంబాలు తిరుగుతుండేవి. ఇది జెఫర్సన్‌కి నచ్చలేదు. కౌంటీని చిన్న చిన్న వార్డులుగా విడగొట్టి, ఆ వార్డు మనుషులే తమ జడ్జిని, కానిస్టేబుల్‌ని ఎన్నుకోవాలి అన్నాడు. ఉత్తరాన మసాచుసెట్స్‌లో అలాంటిదే అప్పటికే ఉంది. ఏటా ఊరి మీటింగ్ పెట్టి తమ పెద్దల్ని, కానిస్టేబుల్‌ని ఎన్నుకునేవాళ్లు.

అమెరికా గొప్ప, మనం వేస్ట్ అని కాదు నేను చెప్పేది. ఆ ఓటు ఆడవాళ్లకి లేదు. జెఫర్సన్ ఎస్టేట్‌లోనే బానిసలు ఉన్నారు. ఆ కౌంటీ ఆఫీసర్లే బానిసత్వాన్ని కాపాడారు. వాళ్ల బొండ వాళ్లకీ ఉంది. నేను చూసే తేడా ఒక్కటే: ఊరి ఆఫీసర్ నచ్చకపోతే ఏం చేయాలి?

రెండు తిరుగుబాట్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. 1786లో మసాచుసెట్స్ పడమటి వైపు రైతులు అప్పులు, పన్నులు భరించలేక కోర్టుల్ని మూయించారు. డేనియల్ షేస్ అనే మాజీ సైనికుడి పేరు మీద దాన్ని షేస్ తిరుగుబాటు అంటారు. 1787 మొదట్లో సైన్యం అణిచేసింది, ఇద్దర్ని ఉరి తీశారు. కానీ చాలామందికి క్షమాభిక్ష దొరికింది. అదే ఏడాది ఎన్నికల్లో జనం ఆ గవర్నర్ని ఓడించారు.

మన దగ్గర 1846 జూలై. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. సినిమాలో చూశారుగా. ఆయనకి ఇస్తున్న పెన్షన్ నెలకి పదకొండు రూపాయల చిల్లర. అది ఒక్కటే కాదు, ఊళ్లల్లో కాపలా పని చేసే కట్టుబడుల ఇనాం భూముల్ని కంపెనీ వెనక్కి తీసుకుంటోంది. అంటే తరతరాల ఊరి ఉద్యోగం, దాని జీతం, రెండూ పోతున్నాయి. ఆయన వెంట నడిచినవాళ్లలో ఈ కట్టుబడులు చాలామంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, తలని ఏళ్ల తరబడి కోట మీద వేలాడదీశారు. ఆ కలెక్టర్ని ఓడించడానికి ఎవరి చేతిలోనూ ఓటు లేదు.

తర్వాత కథ ఫాస్ట్‌గా చెప్తా. 1895లో వారసత్వ గ్రామోద్యోగాలకి ప్రత్యేకంగా చట్టమే చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది నడిచింది! గుంటూరు జిల్లాలో ఒక మునసబు పోస్టు దగ్గర గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గాజుల దశరథరామారావు కేసు. పుట్టుక చూసి సర్కారు ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధం అని కోర్టు తేల్చింది. చివరికి 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో కరణం, మునసబు పోస్టుల్ని ఎత్తేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. తలారి మాత్రం పేరు మారి వీఆర్ఏగా మిగిలాడు. మా వైపు ఇప్పటికీ తలారి అనే పిలుస్తారు.

2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. సైరా రిలీజైంది కూడా అదే రోజు, కావాలంటే చెక్ చేసుకోండి. లక్షకి పైగా పోస్టులు, పరీక్ష రాసి వచ్చిన పిల్లలు, మీలో కొంతమంది కూడా అక్కడే పని చేస్తుండొచ్చు. నాన్న కరణం కాకపోయినా వీఆర్వో అవ్వొచ్చు. ఇది చిన్న మార్పు కాదు, బొండ ఉన్న ఊరు నుంచి ఇక్కడికి వచ్చాం.

కానీ జెఫర్సన్ అడిగింది ఇంకా అలాగే ఉంది. వీఆర్వో జవాబు చెప్పాల్సింది తహసీల్దారుకి, తహసీల్దారు కలెక్టరుకి. మనం ఓటేసి గెలిపించిన సర్పంచ్‌కి ఆ వీఆర్వోని మార్చే అధికారం లేదు. మీ అడంగల్‌లో పేరు తప్పు పడితే ఎవరి చుట్టూ తిరుగుతారు, మీరు ఓటేసిన మనిషి చుట్టూనా, వేయని మనిషి చుట్టూనా? అందరికీ తెలిసిందే. ఇటువైపు వాదన కూడా ఉంది. భూమి రికార్డు సర్పంచ్ చేతిలో పెడితే, ఓడిపోయిన వర్గం పొలాలు ఏమవుతాయి? ఫ్యాక్షన్ చూసిన ఊళ్లకి ఈ భయం ఊరికే రాలేదు. నా ఓటు మాత్రం ఇలా: రికార్డు రాసేది పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగే, కానీ ఏడాదికి రెండుసార్లు గ్రామసభలో నిలబడి, ఎవరి పేరు ఎందుకు మారిందో అందరి ముందు చదివి వినిపించాలి.

మీ ఇంట్లో పాత కరణం చేత్తో రాసిన కాగితం ఏదైనా ఉంటే మడతలు పడకుండా దాచండి. పేర్లు, సర్వే నంబర్లు కనపడేలా మాత్రం ఎక్కడా పోస్ట్ చేయకండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పాత రికార్డు ఎలా చదవాలో, తరి అంటే ఏంటో, మెట్ట అంటే ఏంటో చూద్దాం. ఉంటా మరి.