గుండె పరీక్ష బిల్లులో ఏం చూడాలి?

(రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం ప్రసంగ పాఠం)



ఈసీజీ తీయించుకున్నారు. బిల్లులో ‘ఈసీజీ’ అని ఒక లైను, ‘రిపోర్టింగ్’ అని ఇంకో లైను ఉంది. ఒక్క పరీక్షకు రెండుసార్లు డబ్బులా అని అనుమానం వస్తుంది. ఆ అనుమానం ఎలా తీర్చుకోవాలో చూద్దాం.

ఈ పరీక్షలో నిజంగానే రెండు పనులున్నాయి. మొదటిది, టెక్నీషియన్ ఒంటికి వైర్లు పెట్టి గీతలు తీయడం. రెండోది, డాక్టర్ ఆ గీతలు చదివి గుండె లయ సరిగా ఉందో లేదో రాయడం. ఒంటికి కట్టి 24 గంటలు ఉంచే హోల్టర్ పరీక్ష కూడా ఇంతే. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకున్నా రోజుకు లక్ష దాటుతుంది. అదంతా చూసి చెప్పడం చిన్న పని కాదు. కాబట్టి సొంత ఖర్చుతో చేయించుకుంటే, చదివినందుకు ఫీజు వేయడం తప్పేమీ కాదు.

అయితే చదివినట్టు రుజువు ఉండాలి. ఈసీజీ కాగితం పైన మెషీన్ తనంతట తానే కొన్ని మాటలు ముద్రిస్తుంది. అది డాక్టర్ రిపోర్టు కాదు. మీ పేరు, తేదీ, డాక్టర్ అభిప్రాయం, సంతకం ఉన్నాయా చూడండి. లేకపోతే మర్యాదగానే అడగండి.

ఇక ఆరోగ్యశ్రీ సంగతి. ఇందులో ప్రతి చికిత్సకు ఒక కోడ్, దానికి ఒక ప్యాకేజీ ధర ఉంటాయి. పేస్‌మేకర్‌కో, స్టెంట్‌కో అనుమతి వచ్చిందంటే, దానికి కావాల్సిన పరీక్షలు, మందులు, భోజనం, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు ఆ ప్యాకేజీలోనే ఉంటాయి. ఈసీజీ తీసినందుకూ, చదివినందుకూ మీ దగ్గర విడిగా తీసుకోకూడదు. 2023 డిసెంబర్ 9 నుంచి పరిమితి 10 లక్షల రూపాయలు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇది నగదు రహిత పథకం. ముందు అప్పు చేసి కట్టేద్దాం, తర్వాత తెచ్చుకుందాం అనుకుంటే కుదరదు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగు పెట్టగానే, డబ్బు కట్టకముందే, కార్డుతో ఆరోగ్యమిత్రను కలవండి. డబ్బు అడిగితే రసీదు తీసుకుని 104కు ఫోన్ చేయండి.

ఇంకో జాగ్రత్త. ఈసీజీ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి నల్లబడిపోతుంది. వెంటనే ఫోటో తీసి, జిరాక్స్ చేయించి పెట్టుకోండి. రేపు ఇంకో డాక్టర్‌కు చూపించాలంటే పాత గీత చాలా అవసరం.

చివరిగా, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి వస్తే కార్డు కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు. ముందు 108కి ఫోన్ చేయండి. అత్యవసరంలో ఫోన్ ద్వారా కూడా అనుమతి తీసుకునే వీలు ఆసుపత్రికి ఉంది. ప్రాణం ముందు, కాగితాలు తర్వాత.